సాధకుడు తండ్రియైన వేళ – ‘సిద్ధార్థ’ నవలా పరిశీలనము



ఒకే గ్రంథమును యౌవనమున నొకమారు, ఏబది దాటిన పిదప మరియొకమారు చదువుట మంచిది. గ్రంథము మారదు, చదువువాడు కూర్చున్న చోటు మారును. జర్మను రచయిత హెర్మన్ హెస్సె వ్రాసిన ‘సిద్ధార్థ’ అను నవలను నేను పండిత శిక్షణ పొందుచున్న దినములలో మొదట చదివితిని. అప్పుడు ఇల్లు విడిచి వెళ్లిన కుమారుని పక్షమున నిలిచి చదివితిని. అనేక సంవత్సరముల తరువాత, గత వర్షాకాలమున, దానిని మరల చేతబట్టితిని. ఈమారు నా కన్నులు కుమారుని విడిచి, గవాక్షము చెంత నిలిచిన తండ్రి వైపునకే పోయినవి. ఆ రెండు పఠనముల నడుమ నాకు తోచిన విషయమును మన కుటుంబముల పెద్దల యెదుట నుంచవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మొదట ఒక పొరపాటును తొలగింపవలెను. పేరును బట్టి ఇది బుద్ధభగవానుని చరిత్రమని పలువురు తలంతురు. కాదు. గౌతమ బుద్ధుడు ఈ నవలలో వేరొక పాత్రగా వచ్చును. కథానాయకుడైన సిద్ధార్థుడు ఆయన కాలముననే జీవించినట్లు కల్పింపబడిన ఒక బ్రాహ్మణ కుమారుడు. అధ్యయనము, హోమము, ఓంకార ధ్యానము బాల్యముననే అతనికి అలవడినవి. తండ్రికి అతడు గర్వకారణము, తల్లికి కన్నులపండువు, మిత్రుడైన గోవిందునకు ఆరాధ్యుడు. అయినను అతని హృదయపాత్రము నిండలేదు. తండ్రి నిత్యము నదీస్నానముచే శుద్ధి పొందుచున్నాడే, ఆ శుద్ధి ఒకమారే శాశ్వతముగ నేల కలుగలేదు? ఇదియే అతనిని నిద్రపోనీయని ప్రశ్న.

ఎక్కడనో జర్మనీలో పుట్టినవానికి ఈ కథ యెట్లు తోచినదని సందేహము కలుగవచ్చును. హెస్సె 1877లో కాల్వ్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఆయన మాతామహుడు హెర్మన్ గుండర్టు కేరళమందలి తలశ్శేరిలో క్రైస్తవ మతప్రచారకుడుగా నుండి, మలయాళ భాషను సాధించి, 1872లో మలయాళ–ఆంగ్ల నిఘంటువును వెలయించెను. మనకు సి.పి. బ్రౌను ఎట్టివాడో మలయాళులకు గుండర్టు అట్టివాడు. (బ్రౌను దొర 1840లోనే జంగముల ఆచారములను, సాహిత్యమును గూర్చి వ్యాసము వ్రాసిన సంగతి మనవారిలోనే చాలమందికి తెలియదు.) హెస్సె తల్లియు తలశ్శేరిలోనే పుట్టినది. తండ్రియు కొంతకాలము మలబారున మతప్రచారము చేసినవాడే. ఇంట మన దేశపు మాటలు, గ్రంథములు, వస్తువులు చూచుచు బాలుడు పెరిగెను. 1911లో ఓడనెక్కి సింహళము, సుమత్రా మొదలగు ప్రదేశములు తిరిగెను గాని, భారతభూమి లోనికి రాకయే మరలిపోయెను. 1946లో నోబెల్ బహుమానము నందెను, 1962లో దివంగతుడయ్యెను.

ఈ నవల 1922లో అచ్చయినది. దానికి ముందు జరిగిన యొక విషయము మనకు ముఖ్యము. 1920 ప్రాంతమున ఆయన దీనిని వ్రాయుచు, సాధకుని తపన, తిరుగుబాటు, సంచారము వరకు సునాయాసముగ వ్రాయగలిగెను. సాధకుడు ఫలము నందు ఘట్టమునకు వచ్చునప్పటికి కలము నిలిచిపోయెను. తాననుభవింపని దానిని తానెట్లు వ్రాయగలనని ఏడాదికి పైగా ఆ వ్రాతప్రతిని ప్రక్కన పెట్టెను. నవలాకారులలో ఇట్టి నిజాయితీ అరుదు. కల్పించి వ్రాసినను అడుగువారు లేరు గదా! అనుభవము లేని మాటను అనుభావముగ చెల్లింపరాదన్న సంకోచము ఆయనను ఆపినది. అనుభవ మంటపమును తలచుకొను మనము ఈ సంకోచమును గౌరవింపవలెను.

ఇక ఆ రాత్రి సంగతి. సిద్ధార్థుడు అడవికి పోయి శ్రమణులతో కలియుటకు తండ్రి యనుమతి కోరును. తండ్రి కాదనును. కుమారుడు ఎదురు చెప్పడు, కోపింపడు. చేతులు కట్టుకొని నిలిచిన చోటనే నిలిచిపోవును. తండ్రి శయనింపబోయి నిద్ర పట్టక లేచి చూచును: అట్లే నిలిచియున్నాడు. గంటకొకమారు లేచి గవాక్షము నుండి చూచును. వెన్నెలలో నొకమారు, చీకటిలో నొకమారు. మొదట కోపము, పిదప ఆందోళనము, పిదప భయము, చివరకు దుఃఖము. తెల్లవారుజామున లోనికి వచ్చి చూడగా కుమారుని మోకాళ్లు కొంచెము వణకుచున్నవి. ముఖము మాత్రము వణకలేదు. వీడు దేహముతో ఇక్కడ నున్నను ఎప్పుడో వెళ్లిపోయినాడని తండ్రికి అప్పుడు తెలియును. అనుమతి నిచ్చును. ఇచ్చుచు నొక మాట చెప్పును: అక్కడ ఆనందము దొరికినచో తిరిగివచ్చి తనకు నేర్పుమని, నిరాశయే మిగిలినచో అప్పుడును తిరిగిరమ్మని, మరల కలిసి దేవతలను అర్చింతమని. తల్లికి చెప్పి పొమ్మని చెప్పి, తన నిత్యస్నానమునకు నదికి పోవును.

శిక్షణ దినములలో నేను ఈ ఘట్టమున కుమారుని దార్ఢ్యమునే చూచితిని. ఆ రాత్రి నిద్రలేనివారు ఇద్దరని నాకు తోచలేదు. కుమారుడు ఒక్కచోట నిలిచియుండెను; తండ్రి గంటగంటకు లేచి తిరిగెను. ఎవరు ఎక్కువ దూరము ప్రయాణించిరి?

ఇది చదువునపుడు మనవారికి బసవపురాణము జ్ఞప్తికి రాక మానదు. పాల్కురికి సోమనాథుడు మన తెలుగు ద్విపదలో చెప్పిన ఆ కథయందు బాలబసవడు ఉపనయనము వలదని తండ్రి మాదిరాజుతో వాదించి, సోదరి నాగమాంబతో గూడి ఇల్లు వెడలును. పురాణశ్రవణమున ఈ ఘట్టము వచ్చినపుడు మనమందరము తలలూపుదుము. ఎవరి పక్షమున? నిస్సందేహముగ బసవని పక్షమున. మాదిరాజు పక్షమున కూర్చుండి ఈ కథను విన్న తండ్రిని నేనింతవరకు చూడలేదు. కాని పురాణము ముగిసి ఇంటికి చేరగానే మనలో నెక్కువమంది మాదిరాజులమే. మన పిల్లవాడు తరతరముల ఆచారమును ప్రశ్నించినచో ఆ ప్రశ్నను బసవన్న ప్రశ్నగా వినము, ధిక్కారముగ విందుము. మన పిల్లలందరు బసవన్నలని నేననుట లేదు. ఇల్లు విడిచిన ప్రతి బాలుడును బసవన్న కాడు. కాని ఎవడు కాగలడో, ఎవడు కాడో ఆ తెల్లవారుజామున మాదిరాజునకు మాత్రమెట్లు తెలియును?

తరువాతి కథను త్వరగా చెప్పెదను. సిద్ధార్థుడు, గోవిందుడు మూడు సంవత్సరములు శ్రమణులతో తిరిగిరి. ఉపవాసము, శ్వాసబంధము, దేహమును మరచుట నేర్చిరి. దేహమును మరచుట తాత్కాలికమని, బండివాడు కల్లు త్రాగి మరచుటకును దీనికిని పెద్ద భేదము లేదని సిద్ధార్థుడు గ్రహించెను. పిదప జేతవనమునకు పోయి గౌతముని ధర్మమును వినిరి. గోవిందుడు అక్కడనే సంఘమున చేరెను. సిద్ధార్థుడు చేరలేదు. తాను చూచినవారిలో ఇంతటి పూర్ణుడు లేడని గౌతముని గూర్చి అంగీకరించుచునే, బోధివేళ ఆయన పొందినది ఏదో అది బోధలో లేదని, దానిని మాటలలో నందించుట ఎవరికిని శక్యము కాదని వినయముతో చెప్పి సెలవు తీసికొనెను. అతితెలివి విషయమున జాగ్రత్త యని ఆయన మందహాసముతో హెచ్చరించెను. ఆ హెచ్చరిక ఎంత సరియైనదో తరువాతి ఇరువది సంవత్సరములు నిరూపించినవి.

ఈ ఘట్టమును పట్టుకొని, సాధకునకు గురువక్కరలేదని ఈ నవల చెప్పుచున్నదని వాదించువారు కలరు. ముఖ్యముగ పాశ్చాత్య దేశముల యువకులు 1960ల తరువాత దీనిని ఆ భావముతోనే ఎగబడి చదివిరి. అష్టావరణములలో గురువును మొదట నిలుపు మనకు ఈ మాట సహజముగ రుచింపదు. కాని గ్రంథమును చివరి వరకు చదివినవాడు అట్లనజాలడు. సిద్ధార్థుడు వదలుకొన్నది గురువును గాదు. ఇతరుని అనుభవమును తన అనుభవముగ చెల్లించుకొనుటను. గురువు అతనికి దొరికెను. అయితే ఆసనముపై గాదు, పడవలో.

దానికి ముందు పట్టణవాసము. కమల యను వేశ్య వద్ద ప్రణయమును, కామస్వామి యను వణిజుని వద్ద వ్యాపారమును అభ్యసించెను. ఆలోచించుట, వేచియుండుట, ఉపవసించుట యను మూడు విద్యలే అతని మూలధనము. మొదట అవి బాగుగనే పనిచేసినవి. ఒకమారు వడ్లు కొనుటకు ఒక పల్లెకు పోయెను. అప్పటికే మరియొక వర్తకుడు ధాన్యమంతయు కొనిపోయినాడు. కామస్వామి యైనచో శపించుచు మరలివచ్చెడివాడు. సిద్ధార్థుడు కొన్ని దినములు అక్కడనే యుండి రైతులతో కూర్చుండి, పిల్లలకు నాణెములిచ్చి, సంతోషముతో తిరిగి వచ్చెను. యజమాని మండిపడగా, మంచి మనుష్యుల పరిచయము నష్టమెట్లగునని నవ్వెను. ఈ కథను నేను తరగతిలో చెప్పినపుడెల్ల పిల్లలు సిద్ధార్థుని మెచ్చుకొందురు. ఒకమారు ఒక వ్యాపారి కుమారుడు లేచి, సొమ్ము తనది కాదు గనుక నవ్వగలిగెనని అనెను. నేను ఉత్తరము చెప్పలేకపోతిని. ఇప్పుడు ఆలోచింపగా ఆ బాలుడు నవల మర్మమునే పట్టుకొన్నాడు.

ఏలయన అప్పటి సిద్ధార్థుని శాంతము నిజమైన వైరాగ్యము కాదు. పైనుండి క్రిందికి చూచు చూపు. సామాన్యులు డబ్బు కొరకు, బిడ్డల కొరకు, పరువు కొరకు తపించుట అతనికి బాలక్రీడవలె కనబడెను. ఎవరి దుఃఖమును తనకు తగులనీయలేదు గనుక చెక్కుచెదరలేదు. ఈ చిన్నచూపే అతనిని కూలద్రోసినది. క్రమముగ మెత్తని పరుపు, మధువు, పాచికలు అలవాటైనవి. ధనమును తృణీకరించుటకై జూదమాడితినని అనుకొన్నవాడు ధనపిశాచమునకు చిక్కెను. నలువదియేండ్లు దాటినవి. ఒకరాత్రి బంగారు పంజరములోని పాటపిట్ట చచ్చిపడినట్లు కలగని, మరునాడే అన్నియు విడిచి వెడలిపోయెను. నదీతీరమున ప్రాణము విడువ దలచి వంగినవేళ, బాల్యమున జపించిన ఓంకారము ఎచ్చటనుండియో అంతరంగమున మ్రోగెను. తండ్రి యింట నేర్చినదే ముప్పదియేండ్లకు పనికి వచ్చినది. (దీనిని మనసున నుంచుకొనుడు, మరల ప్రస్తావించెదను.)

ఆ రేవున వాసుదేవుడను పడవవాడు కలడు. చదువు లేదు, ఉపన్యాసము రాదు. ఒకప్పుడు భార్య యుండెను, మరణించినది. బాటసారులను ఆవలియొడ్డునకు చేర్చుట, తెడ్డు చెక్కుట, బుట్టలు అల్లుట, చేను చూచుకొనుట — ఇదియే జీవితము. ఆతనికి గల గొప్ప విద్య యొక్కటే: వినుట. ఎదుటివాడు చెప్పుచుండగా పొగడ్త లేదు, నింద లేదు, తొందర లేదు. చెప్పినదంతయు లోనికి స్వీకరించును. ఆ విద్యను నదియే నేర్పినదని చెప్పును. సిద్ధార్థుడు తన పట్టువస్త్రములు విడిచి ఆ గుడిసెలో చేరి, తెడ్డు పట్టుట నేర్చెను. ప్రశ్నలతో తిరిగినవాడు ఇప్పుడు పనిచేయుచు వినెను. ఉద్గమమునందు, ప్రవాహమునందు, సముద్రసంగమమునందు నది ఏకకాలముననే యున్నదని, దానికి నిన్న, రేపు లేవని అతనికి క్రమముగ తెలిసెను.

కాయకము అను మాట ఎరుగని యొక జర్మను రచయిత కాయకమే గురుసేవయు, ధ్యానమును అయిన చోటును ఇంత చక్కగ చూపుట నాకు ఆశ్చర్యము. మన శరణులలో అంబిగర చౌడయ్య పడవవాడే గదా. తుంగభద్రాతీరమున ఆయన పేర వెలసిన చౌడయ్యదానపురము నేటికిని కలదు. ఇతర వచనకారులు తమ వచనముల చివర ఇష్టదైవము పేరును ముద్రికగా నుంచగా, ఆయన తన పేరునే నిలిపెను. అయితే చౌడయ్య నోరు పదునైనది. కపటమును చూచినచో కత్తివలె నరకును. వాసుదేవుడు మౌని. ఇద్దరును ఒకే రేవున కలిసినచో ఏమి మాటలాడుకొందురో యని నేనప్పుడప్పుడు ఊహించుకొందును. బసవన్నయు కృష్ణా మలప్రభలు కలియు సంగమమున పెరిగి పక్వమైనవాడే.

ఇంతవరకు కథ ముగిసియుండినచో ఇది మంచి సాధకచరిత్ర యయ్యెడిది. పలువురు పాఠకుల మనసున ఇక్కడనే ముగియును కూడ. హెస్సె ఇక్కడ ఆపలేదు. అనేక సంవత్సరములు గడచిన పిదప, గౌతముడు నిర్యాణ సమీపమున నున్నాడని విని దర్శనార్థము కాలినడకన వచ్చుచున్న కమల ఆ రేవు దగ్గర సర్పదష్టయై మరణించును. వెంట పదునొకండేండ్ల కుమారుడు. సిద్ధార్థుని కుమారుడే, ఆతడు పుట్టిన సంగతియే తండ్రి యెరుగడు.

సాధకుడు తండ్రి యయ్యెను. పిల్లవాడు పట్టణమున మెత్తగ పెరిగినవాడు. గుడిసె, అరటిపండ్లు, ఇద్దరు వృద్ధులు — ఏదియు వానికి నచ్చలేదు. పని చేయడు, మాట వినడు, ఉన్నవానిని పాడుచేయును. సిద్ధార్థుడు కోపింపడు, కొట్టడు. మంచి ఆహారము వానికే పెట్టును. వాని పనిని తాను చేయును. ఓర్పుతో, ప్రేమతో గెలుతునని నమ్మును. నెలలు గడచినవి. అప్పుడు వాసుదేవుడు నోరు విప్పును. ఆతడు చెప్పినదాని సారమిది: కొట్టుట లేదు గనుక బలాత్కారము చేయుట లేదని తలంచుచున్నావు, కాని నీ మంచితనముతోనే వానిని బంధించుచున్నావు, నీ ఓర్పుతో ప్రతిదినము వానిని సిగ్గుపరచుచున్నావు. నీ తప్పులు వాడు చేయకుండునట్లు నీవు వాని బదులు అనుభవింపగలవా? నిన్ను నీ తండ్రి కాపాడగలిగెనా?

ఇక్కడ నా సొంతమాట యొకటి చెప్పక తప్పదు. మా కుమారునకు పుట్టిన కొలది దినములకే అయ్యగారిచేత లింగధారణ చేయించితిమి. ఇంజనీరింగు చదువునకు హాస్టలులో చేరిన రెండవ సంవత్సరమున పండుగకు వచ్చి, తన లింగకాయను దేవుని గూటిలో నుంచి, దానిని ధరించి అశ్రద్ధగ తిరుగుటకన్న ఇక్కడ నుండుటయే మర్యాద యని మెల్లగ చెప్పి వెడలిపోయెను. నేను వానిని ఒక్క పరుషవాక్యమైనను అనలేదు. అందులకు నాలో నేను గర్వించితిని. కాని ఆదివారము ఆదివారము ఫోనులో అష్టావరణములను, పంచాచారములను, షట్స్థలములను వరుసగ వివరించితిని. శాంతముగ, ప్రేమతో, దృష్టాంతములతో. మా గృహిణి ఒకనాడు, “వాడికి ఫోను చేస్తున్నారా, పాఠం చెబుతున్నారా?” అని అడిగినది. కొంతకాలమునకు వాడు ఫోను తీయుట తగ్గించెను. వాసుదేవుని మాటలను మరల చదివిన రాత్రి, ఓర్పుతో సిగ్గుపరచుట యనగా నేమో నాకు నిఘంటువు అక్కరలేకయే తెలిసినది.

నవలలో ఆ బాలుడు ఒకనాడు కట్టెలు ఏరి తెమ్మనగా బద్దలైపోవును. తండ్రివంటి సాధువగుటకన్న దొంగయై నరకమునకు పోవుట మేలని కేకలు వేసి, మరునాటికి రేవు సొమ్మున్న బుట్టను తీసికొని, పడవ నెక్కి ఆవలియొడ్డునకు పారిపోవును. పడవలో తెడ్డు కూడ లేకుండ చేయును. నా వెంట రావలదని నీ కుమారుడు చెప్పుచున్నాడని వాసుదేవుడు చిరునవ్వుతో వివరించును. అయినను సిద్ధార్థుడు వెంటబడును; పట్టణద్వారము వరకు పోయి, ఒకప్పటి కమల ఉద్యానము ముందు ధూళిలో కూలబడును. వాసుదేవుడు వచ్చి భుజమును తాకి తోడ్కొనిపోవును. ఇద్దరును ఆ సంగతి మరల మాటలాడుకొనరు.

ఆ గాయము మానలేదు. రేవు దాటు బాటసారులు బిడ్డలను చంకనెత్తుకొని వచ్చునపుడెల్ల అసూయ కలిగెను: దొంగలకును బిడ్డలున్నారే, నాకేల లేడు? ఇక్కడ నొక గొప్ప విషయము జరిగినది. ఒకప్పుడు సామాన్యులను చిన్నచూపు చూచినవాడు ఇప్పుడు వారిలో నొకడయ్యెను. తపస్సు, ధ్యానము, గౌతమ దర్శనము, కడకు నదియు పోగొట్టలేని అహంకారమును ఒక మొండి పిల్లవాడు పోగొట్టినాడు. పిల్లలవలన కలుగు దుఃఖమును సాధనకు విఘ్నముగ తలంచుట మనలో వాడుక. ఈ నవలయందు అది సాధనలోని కడపటి మెట్టు.

ఒకనాడు కుమారుని వెదకుటకు మరల బయలుదేరి పడవ నెక్కి, నీటిలో తన నీడను చూచును. అది తండ్రి ముఖము! చేతులు కట్టుకొని నిలిచి తాను బలవంతముగ అనుమతి తీసికొన్న ఆ తండ్రి. తిరిగివచ్చి నేర్పుమన్న తండ్రి. తానెన్నడును తిరిగి పోలేదు. తనవలెనే ఆయనయు ఎదురుచూచి, ఒంటరిగ మరణించియుండును. నది నవ్వుచున్నట్లు తోచెను. సిద్ధార్థుడు పడవ మరల్చి, వాసుదేవునికి అన్నియు చెప్పుకొనెను. ఆ వినువాని యెదుట చెప్పుకొనుటయే స్నానమువలె నయ్యెను. పిదప ఇద్దరును నది యొడ్డున కూర్చుండగా తండ్రి, తాను, కుమారుడు, వేలకొలది గొంతులు అన్నియు కలిసి ఒకే ఓంకారముగ వినబడినవి. ఆనాడే వాసుదేవుడు సెలవు తీసికొని అడవికి పోయెను.

నవలలో లోపములు లేకపోలేదు. స్త్రీ ఇందులో పురుషుని ప్రయాణమున నొక మజిలీయే. తల్లికి చెప్పి పొమ్మన్నారు గాని, ఆ తల్లి ఏమనెనో హెస్సె వినిపింపలేదు. అక్కమహాదేవి నడచిన మార్గమును ఎరిగిన మనకు ఈ వెలితి స్పష్టముగ కనబడును. అయినను రెండు మూడు సాయంకాలములలో ముగియు చిన్న గ్రంథము. మఠములలో జరుగు గోష్ఠులయందు చదువదగినది.

ఈ వ్యాసమును వ్రాయకముందు ఈ సంగతులను మా పెద్దలలో నొకరితో చర్చించితిని. ఆయన ఆక్షేపణము బలమైనది: ప్రతి తండ్రియు నదివలె మౌనము వహించినచో రెండు తరములలో సంప్రదాయమే మిగులదు, నేర్పుట తండ్రి ధర్మము. కాదని నేననలేదు. నదీతీరమున సిద్ధార్థుని రక్షించిన ఓంకారము తండ్రి యింట నేర్చినదే యని ముందే చెప్పితిని. నేర్పనిచో అది అంతరంగమున మ్రోగెడిది కాదు. కాని ఆ తండ్రి రెండు పనులు చేసెను: బాల్యమున నేర్పెను, యౌవనమున వదలెను. మనము మొదటిదానిని బాగుగ ఎరుగుదుము. ముప్పదియేండ్లు బడిలో పనిచేసి నేను తెలిసికొన్నదియు నింతే. సంధిసూత్రమును నేర్పగలను, ఛందోలక్షణమును నేర్పగలను. పద్యము విని కన్నీరు పెట్టుటను నేర్పలేను. ఆ కన్నీరు వచ్చిన పిల్లవాడు నా తరగతిలో కాక, ఏ పదియేండ్ల తరువాతనో ఏ రైలులోనో ఆ పద్యమును తలచుకొని పెట్టియుండును. నేను చూచుట సంభవింపదు.

నాకు మిగిలిన సందేహమొకటే. వదలుట, విడిచిపెట్టుట ఒకటేనా? తెల్లవారుజామున ఆ బ్రాహ్మణుడు అనుమతి నిచ్చినపుడు తలుపు మూయలేదు. దొరికిన దొరకకున్న రమ్మనెను. నేను ఆదివారపు పాఠములను మానితిని గాని, ఆ మాటను మావానికి ఇంకను స్పష్టముగ చెప్పలేదు. వాని లింగకాయ దేవుని గూటిలోనే యున్నది. ప్రతి ఉదయమును నా ఇష్టలింగ పూజానంతరము దానికిని కొంచెము విభూతి నుంచుచున్నాను. శివరాత్రికి వచ్చుచున్నానని మొన్న వాడే ఫోను చేసినాడు. ఎన్ని దినములుండునని వాని తల్లి అడిగినది. నేను ఫోను తీసికొని, బండి ఎన్నిగంటలకు చేరునని మాత్రము అడిగితిని.